విత్తన నిల్వ గదుల నెట్‌వర్క్ కంట్రోలర్లను ఫ్యాక్టరీ స్థితికి మార్చడం: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు అనుసరణీయ క్రమం

సారాంశం

విత్తన నిల్వ గదులు, ప్రయోగశాలలు, పాలీహౌస్‌లలో ఉష్ణోగ్రతను, గాలిలోని తేమను అదుపుచేసే కంట్రోలర్లు నేడు నెట్‌వర్క్ ద్వారా అనుసంధానమై పనిచేస్తున్నాయి. అవి మొరాయించినప్పుడు వెంటనే ఫ్యాక్టరీ స్థితికి మార్చడం పరిపాటి. అయితే ఈ చర్య కంట్రోలర్‌లోని లోపంతోపాటు ఆ గదికి సంబంధించిన అమరికలన్నింటినీ తుడిచివేస్తుంది. సరిగా అమర్చలేదని తెలియజేయవలసిన హెచ్చరికలు కూడా వాటితోనే తొలగిపోతాయి. కావున రీసెట్‌కు ముందు లోప నిర్ధారణ, అమరికల నమోదు, విత్తన రక్షణ, అనంతరం కొలతల సరిచూపు అనే దశలను తప్పక పాటించాలి. పశ్చిమ నెల్లూరు మెట్ట ప్రాంత పరిస్థితులకు అనుగుణంగా ఈ దశలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: విత్తన నిల్వ, కంట్రోలర్, ఫ్యాక్టరీ రీసెట్, బ్యాక్‌నెట్, మొలక శాతం, సెన్సార్ సరిచూపు

ఉపోద్ఘాతం

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలో వెలిగొండల పాదాన ఉన్న ఉదయగిరి ప్రధానంగా మెట్ట ప్రాంతం. పెన్నా నదికి, సోమశిల జలాశయానికి చేరువలో ఉన్న ఆత్మకూరు పరిసరాలలో ఆయకట్టు వరి, మెట్ట పంటలు రెండూ కనిపిస్తాయి. రెండు చోట్లా విత్తన నిల్వకు ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల గాలిలో తేమ అధికమవుతుంది. ఒక కాలంలో వేడి, మరొక కాలంలో తేమ విత్తనపు జీవశక్తిని హరిస్తాయి.

విత్తన నిల్వపై అమెరికా శాస్త్రవేత్త హారింగ్టన్ ప్రతిపాదించిన స్థూల సూత్రాలు విద్యార్థులకు పరిచితమైనవే. విత్తనంలోని తేమ 5 నుండి 14 శాతం మధ్య ఉన్నప్పుడు, ఆ తేమ ఒక శాతం తగ్గిన కొద్దీ నిల్వ ఆయుష్షు రెట్టింపవుతుంది. నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిన కొద్దీ కూడా అది రెట్టింపవుతుంది. ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం, ఈ రెండింటి మొత్తం 100 మించరాదన్నది మూడవ సూత్రం. 10 డిగ్రీల సెల్సియస్, 45 శాతం తేమ ఉన్న గదిలో ఈ మొత్తం 95 అవుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వద్ద ఉష్ణోగ్రత ఒక్కటే ఫారన్‌హీట్‌లో 107 దాటుతుంది. అనగా తేమ ఎంత తక్కువగా ఉన్నా, ఆ వేడిలో చల్లబరచని గది విత్తనానికి సురక్షితం కాదు.

ఈ కారణంగా విలువైన విత్తనాన్ని చల్లని గదుల్లో భద్రపరుస్తారు. అక్కడ కంప్రెసర్‌ను, ఫ్యాన్లను, తేమ తొలగించే యంత్రాన్ని ఎప్పుడు నడపాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది కంట్రోలర్. అది విఫలమైతే వెంటనే నిపుణుడు లభించడం కష్టం. నెల్లూరు నుండి ఆత్మకూరు సుమారు 60 కిలోమీటర్లు, ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. కంపెనీ ప్రతినిధి చెన్నై నుండో హైదరాబాదు నుండో రావలసి వస్తే మరింత ఆలస్యం. అటువంటి సమయంలో ఫోనులో సాధారణంగా లభించే సలహా రీసెట్ బటన్ నొక్కమనే. ఆ బటన్ నొక్కడానికి కొన్ని సెకన్లు చాలు. తుడిచివేయబడిన అమరికలను తిరిగి సమకూర్చడానికి పట్టే కాలం మాత్రం ముందుగా చేసుకున్న నమోదుపై ఆధారపడి ఉంటుంది.

కంట్రోలర్ జ్ఞాపకంలో ఉండే అంశాలు

రీసెట్ వల్ల ఏమి పోతుందో తెలియాలంటే కంట్రోలర్‌లో ఏమి ఉంటుందో తెలియాలి. దాని జ్ఞాపకంలోని అంశాలను ఐదు భాగాలుగా విభజించవచ్చు.

మొదటిది, యంత్రం పనిచేయడానికి ఆధారమైన మూల ప్రోగ్రాం. దీనిని ఫర్మ్‌వేర్ అంటారు. సాధారణంగా ఫ్యాక్టరీ రీసెట్ దీనిని మార్చదు. కావున ఫర్మ్‌వేర్‌లోనే ఉన్న లోపం రీసెట్‌తో తొలగదు.

రెండవది, నెట్‌వర్క్‌లో ఆ కంట్రోలర్ గుర్తింపు. చిరునామా, సమాచార వేగం, పరికర సంఖ్య ఇందులో భాగాలు.

మూడవది, ఆ గది కోసం రాసిన నియంత్రణ ప్రోగ్రాం. ఏ సెన్సార్ రీడింగును బట్టి ఏ యంత్రం నడవాలో ఇది నిర్దేశిస్తుంది.

నాల్గవది, ఆ గదికి ప్రత్యేకమైన విలువలు. సెట్‌పాయింట్లు, సమయ పట్టికలు, సెన్సార్ రకం, సెన్సార్ సవరణ విలువ, కంప్రెసర్ ఆగిన తరువాత తిరిగి నడవడానికి కనీస విరామం, హెచ్చరిక పరిమితులు ఇందులోకి వస్తాయి.

ఐదవది, గత రీడింగుల చిట్టా, వినియోగదారుల పేర్లు, సంకేత పదాలు.

మొదటి భాగాన్ని తయారీదారు తిరిగి ఇవ్వగలడు. రెండవ, మూడవ భాగాలను అమర్చిన సంస్థ తన వద్ద దాచి ఉంచితే ఇవ్వగలదు. నాల్గవ భాగం ఆ గదిని నడిపేవారి అనుభవం నుండి పుట్టినది. తలుపు దగ్గరి సెన్సార్ అర డిగ్రీ ఎక్కువ చూపుతుందని గమనించి చేసిన సవరణ, వానాకాలంలో తేమ యంత్రం ముందుగా నడవాలని మార్చిన పరిమితి వంటివి ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండవు. రీసెట్‌లో కోల్పోయే అంశాలలో అత్యంత విలువైనవి ఇవే.

పునఃప్రారంభం వేరు, ఫ్యాక్టరీ స్థితి వేరు

భవన నియంత్రణ పరికరాలు వాడే భాషలలో రెండు ముఖ్యమైనవి. 1979లో మోడికాన్ సంస్థ ప్రవేశపెట్టిన మాడ్‌బస్ ఒకటి. అమెరికాలోని యాష్రే సంస్థ 1995లో ప్రమాణంగా ప్రకటించిన బ్యాక్‌నెట్ మరొకటి. బ్యాక్‌నెట్ 2003లో అంతర్జాతీయ ప్రమాణంగా కూడా గుర్తింపు పొందింది.

బ్యాక్‌నెట్ ప్రమాణం ప్రకారం కంట్రోలర్‌ను దూరం నుండి రెండు విధాలుగా తిరిగి ప్రారంభించవచ్చు. వార్మ్ స్టార్ట్‌లో కంట్రోలర్ తన ప్రస్తుత స్థితిని వీలైనంతవరకు నిలుపుకుని తిరిగి ప్రారంభమవుతుంది. కోల్డ్ స్టార్ట్‌లో విద్యుత్ తీసి తిరిగి ఇచ్చినట్లుగా మొదటి నుండి ప్రారంభమవుతుంది. ఈ రెండింటిలోనూ శాశ్వత జ్ఞాపకంలో భద్రపరచిన అమరికలు నిలిచే ఉంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ ఈ రెండింటికీ భిన్నమైనది. అది తయారీదారును బట్టి మారుతుంది. కొన్ని నమూనాలలో నెట్‌వర్క్ అమరికలు మాత్రమే తొలగిపోతాయి. మరికొన్నింటిలో నియంత్రణ ప్రోగ్రాంతో సహా అన్నీ తొలగిపోతాయి. ఒకే బటన్‌ను నొక్కి ఉంచే కాలాన్ని బట్టి ఫలితం మారే నమూనాలు కూడా ఉన్నాయి. అందువల్ల ఒక నమూనాలో అలవాటైన పద్ధతిని మరొక నమూనాకు వర్తింపజేయరాదు. ఆ నమూనాకు చెందిన తయారీదారు పుస్తకమే ప్రమాణం.

లోపం తలెత్తినప్పుడు మొదట వార్మ్ స్టార్ట్, అవసరమైతే కోల్డ్ స్టార్ట్, ఆ రెండూ ఫలించనప్పుడే ఫ్యాక్టరీ రీసెట్ అనే క్రమాన్ని పాటించాలి.

రీసెట్‌కు ముందు లోప నిర్ధారణ

ఆకు పసుపుబారినంత మాత్రాన అది నత్రజని లోపమని తేల్చలేము. అదే విధంగా రీడింగులు రానంత మాత్రాన కంట్రోలర్ చెడిపోయిందని భావించరాదు. మెట్ట ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే కారణాలను ముందుగా పరిశీలించాలి.

విద్యుత్ సరఫరా: అనేక కంట్రోలర్లు 230 వోల్టుల సరఫరాను 24 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పనిచేస్తాయి. గ్రామీణ లైన్లలో లో వోల్టేజీ ఉన్నప్పుడు ఈ 24 వోల్టులు కూడా అదే నిష్పత్తిలో పడిపోయి కంట్రోలర్ పదేపదే ఆగి మొదలవుతుంది. కంప్రెసర్ నడిచే సమయంలో మల్టీమీటర్‌తో కొలిస్తే ఈ లోపం బయటపడుతుంది.

నెట్‌వర్క్ తీగ: ఆర్.ఎస్. 485 పద్ధతిలోని జంట తీగకు రెండు చివరలా 120 ఓముల నిరోధకం ఉండాలి. పరికరాల విద్యుత్ ఆపి జంట తీగ మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు చూపాలి. 120 ఓములు చూపితే ఒక చివర నిరోధకం లేదనో, మధ్యలో తీగ తెగిందనో భావించాలి. 60 కన్నా చాలా తక్కువ చూపితే తీగలు ఒకదానికొకటి తగులుతుండవచ్చు, లేదా అదనపు నిరోధకం ఉండవచ్చు. ఎలుకలు తీగలను కొరకడం గిడ్డంగులలో సాధారణమే.

పిడుగు ప్రభావం: వేసవి చివరి ఉరుముల వానలలో పిడుగు సమీపంలో పడితే భవనాల మధ్య ఆరుబయట వేసిన తీగ గుండా అధిక వోల్టేజీ ప్రవేశించి సమాచార చిప్‌ను కాల్చివేయవచ్చు. అది భాగాల నష్టం. ఎన్నిసార్లు రీసెట్ చేసినా బాగుపడదు.

ఒకే చిరునామా రెండు పరికరాలకు ఉండడం: కొత్త పరికరాన్ని చేర్చిన నాటి నుండి పాత పరికరం రీడింగులు వచ్చి పోతుంటే దీనిని అనుమానించాలి. కొత్తదాని చిరునామా మార్చడమే పరిష్కారం.

గడియారపు బ్యాటరీ: లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం తప్పుతాయి. సమయ పట్టిక ప్రకారం నడవవలసిన యంత్రాలు వేళగాని వేళ నడుస్తాయి. బ్యాటరీ మార్చి సమయం సరిచేస్తే సరిపోతుంది.

పై ఐదు కారణాలలో ఏదీ ఫ్యాక్టరీ రీసెట్‌తో తీరదు. పైగా రీసెట్ చేసిన తరువాత అసలు లోపానికి అమరికలు లేని లోపం కూడా తోడై నిర్ధారణ మరింత కష్టమవుతుంది.

రీసెట్ తప్పనిసరి అయ్యే సందర్భాలు

నాలుగు సందర్భాలలో ఫ్యాక్టరీ రీసెట్ సమర్థనీయం. అమరికల ఫైలు పాడై కంట్రోలర్ పూర్తిగా ప్రారంభం కాలేకపోవడం మొదటిది. సంకేత పదం తెలిసినవారు బదిలీపై వెళ్ళి, దానిని తిరిగి పొందే మరొక మార్గం లేకపోవడం రెండవది. అనుమతి లేనివారు ప్రవేశించి అమరికలు మార్చారన్న అనుమానం కలగడం మూడవది. కంట్రోలర్‌ను ఒక చోటు నుండి మరొక చోటుకు తరలించడం నాల్గవది.

ఈ నాల్గవ సందర్భానికి ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఆత్మకూరులో వరి విత్తనం నిల్వచేసే గదిలో వాడిన కంట్రోలర్‌ను ఉదయగిరిలో మినుము, కంది విత్తనాల గదికి తరలించారనుకుందాం. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం సాధారణ సంచులలో వరి విత్తనపు తేమ 13 శాతం వరకు ఉండవచ్చు. మినుము, కంది విత్తనాలలో అది 9 శాతం మించరాదు. వరి కోసం నిర్ణయించిన తేమ పరిమితులు అపరాలకు చాలవు. పాత గదిలోని సెన్సార్ సవరణ విలువలు కొత్త సెన్సార్లకు వర్తించవు. ఇటువంటి చోట పాత అమరికలను ఒక్కొక్కటిగా మార్చడం కన్నా, అన్నింటినీ తొలగించి కొత్తగా అమర్చడమే క్షేమం. ఎందుకంటే మార్చడం మరచిన ఒక్క పాత విలువ సరైనదిగానే కనిపిస్తూ చాలాకాలం దాగి ఉంటుంది.

అమరికల నమోదు

రీసెట్‌కు ముందు అమరికలను రెండు రూపాలలో భద్రపరచాలి. మొదటిది కంప్యూటర్ ఫైలు. బ్యాక్‌నెట్ ప్రమాణంలో అమరికలను ఫైళ్ళుగా తీసి దాచి, తిరిగి ఎక్కించే విధానం ఉంది. అయితే అన్ని చిన్న కంట్రోలర్లూ దానిని పాటించవు. తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ద్వారా ఆ పని చేయవలసి రావచ్చు. ఆ ఫైలును గదిలోని కంప్యూటర్‌లోనే కాక మరొక చోట కూడా ఉంచాలి. అయితే లోపం ఉన్న సమయంలో తీసిన ఫైలులో ఆ లోపం కూడా చేరి ఉండవచ్చు. కావున కంట్రోలర్ సక్రమంగా నడుస్తున్న కాలంలో తీసిన ఫైలే నమ్మదగినది. ఖరీఫ్, రబీ కాలాల ఆరంభంలో ఒక్కొక్కసారి తీసి తేదీ వేసి ఉంచడం మంచి అలవాటు.

రెండవది కాగితపు నమోదు పత్రం. కరెంటు లేని వేళ, కంప్యూటర్ తెరుచుకోని వేళ ఆదుకునేది ఇదే. ఇందులో కంట్రోలర్ నమూనా, ఫర్మ్‌వేర్ సంచిక, నెట్‌వర్క్ చిరునామా, సమాచార వేగం, పరికర సంఖ్య, ప్రతి సెన్సార్ రకం, దాని సవరణ విలువ, ప్రతి సెట్‌పాయింట్, హెచ్చరిక పరిమితి, కంప్రెసర్ కనీస విరామం, సమయ పట్టిక ఉండాలి. పత్రం తెలుగులో ఉంటే రాత్రి కాపలాదారు సైతం చదివి ఫోనులో చెప్పగలడు. సంకేత పదాన్ని మాత్రం ఈ పత్రంలో రాయరాదు. దానిని మూసిన కవరులో కార్యాలయ అధికారి వద్ద ఉంచాలి. తీగల అమరికకు, చిన్న డిప్ స్విచ్‌ల స్థానాలకు ఫోటోలు తీసి పత్రానికి జతచేయాలి.

రీసెట్ చేసే విధానం

రీసెట్‌కు అనువైన సమయం ఉదయం వేళ. బయటి వేడి తక్కువగా ఉండడమే కాక, అనుకోని ఇబ్బంది ఎదురైతే సరిచేయడానికి పగలంతా మిగిలి ఉంటుంది. వాన, ఉరుములు ఉన్న రోజును, సెలవుకు ముందు రోజును ఎంచుకోరాదు.

మొదట గదిలో కంట్రోలర్‌తో సంబంధం లేని విడి థర్మామీటర్‌ను, తేమ కొలిచే పరికరాన్ని ఉంచి వాటి రీడింగును రాసుకోవాలి. తలుపు మూసి ఉంచాలి. గదిని నింపిన చల్లని విత్తనమే కొన్ని గంటల పాటు ఉష్ణోగ్రతను నిలుపుతుంది. అనంతరం కంప్రెసర్‌ను, తేమ యంత్రాన్ని వాటి ప్యానెల్‌లోని స్విచ్ ద్వారా కంట్రోలర్ ఆధీనం నుండి తప్పించాలి. రీసెట్ సమయంలో కంట్రోలర్ అవుట్‌పుట్లు ఒక్కసారిగా ఆగడం, నడవడం జరిగినా యంత్రాలకు హాని కలగకుండా ఉండేందుకు ఈ జాగ్రత్త అవసరం.

తరువాత కంట్రోలర్‌ను నెట్‌వర్క్ నుండి విడదీయాలి. ఈ దశను చాలామంది విస్మరిస్తారు. రీసెట్ అయిన కంట్రోలర్ తయారీదారు నిర్ణయించిన మామూలు చిరునామాతో మేల్కొంటుంది. అదే చిరునామా నెట్‌వర్క్‌లో మరొక పరికరానికి ఉంటే, అంతవరకు చక్కగా నడుస్తున్న ఆ రెండవ గది కూడా అయోమయంలో పడుతుంది.

కంట్రోలర్‌కు యూపీఎస్ ద్వారా విద్యుత్ అందించాలి. జ్ఞాపకాన్ని తుడిచి తిరిగి రాసే సమయంలో కరెంటు పోతే కొన్ని నమూనాలు మళ్ళీ ప్రారంభం కాలేని స్థితికి చేరుతాయి. ఈ ఏర్పాట్లు పూర్తయిన తరువాతే తయారీదారు పుస్తకంలో చెప్పిన విధంగా బటన్, డిప్ స్విచ్ లేదా సాఫ్ట్‌వేర్ ద్వారా రీసెట్ చేయాలి. కంట్రోలర్ పూర్తిగా తిరిగి ప్రారంభమయ్యే వరకు మరే బటన్‌నూ నొక్కరాదు.

తిరిగి అమర్చవలసిన క్రమం

తిరిగి అమర్చేటప్పుడు మొదట సంకేత పదాన్ని మార్చాలి. తయారీదారు ఇచ్చిన మామూలు సంకేత పదాలు అందరికీ తెలిసినవే. 2016లో ప్రపంచవ్యాప్తంగా కలకలం రేపిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, అరవైకి పైగా మామూలు పేర్లు, సంకేత పదాల జతలను ప్రయత్నించి లక్షల సంఖ్యలో కెమెరాలను, రౌటర్లను వశపరచుకుంది. రీసెట్ అయిన కంట్రోలర్‌ను సంకేత పదం మార్చకుండా ఇంటర్నెట్‌కు కలపడం గిడ్డంగి తాళాన్ని తలుపుకే వదిలివేయడంతో సమానం.

రెండవది నెట్‌వర్క్ గుర్తింపు. మాడ్‌బస్‌లో పరికర చిరునామా 1 నుండి 247 వరకు ఉండవచ్చు. ఆర్.ఎస్. 485 తీగపై నడిచే బ్యాక్‌నెట్‌లో మాస్టర్ పరికరాల చిరునామాలు 0 నుండి 127 వరకు ఉంటాయి. వీటికి తోడు 0 నుండి 41,94,302 వరకు గల పరికర సంఖ్యలలో ఒకటి కేటాయించాలి. ఈ సంఖ్య మొత్తం అనుసంధానంలో ఏ రెండు పరికరాలకూ ఒకటిగా ఉండరాదు.

మూడవది తేదీ, సమయం. నాల్గవది నియంత్రణ ప్రోగ్రాం. ఐదవది సెన్సార్ రకాలు, సవరణలు. ఆరవది సెట్‌పాయింట్లు, కంప్రెసర్ విరామం. ఈ విరామం రీసెట్ తరువాత సున్నాగా మారితే కంప్రెసర్ ఆగిన మరుక్షణమే తిరిగి నడవబోయి మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది. యంత్ర తయారీదారు సూచించిన విరామాన్ని, సాధారణంగా 3 నుండి 5 నిమిషాలను, తప్పక నమోదు చేయాలి. ఏడవది హెచ్చరికలు.

బ్యాక్‌నెట్ కంట్రోలర్లలో మరొక అంశాన్ని గమనించాలి. ప్రతి అవుట్‌పుట్‌కు 16 ప్రాధాన్య స్థాయిలు ఉంటాయి. వాటిలో ఏ స్థాయి నుండీ ఆదేశం లేనప్పుడు ఆ అవుట్‌పుట్ ముందుగా నిర్ణయించిన మామూలు స్థితికి చేరుతుంది. రీసెట్ తరువాత ఈ మామూలు స్థితి సాధారణంగా ఆగి ఉండడమే. నియంత్రణ ప్రోగ్రాం నడవని పక్షంలో తెరపై లోపమేదీ కనిపించకపోయినా కంప్రెసర్ నడవదు.

కొలతల సరిచూపు

అమరికలు పూర్తయిన తరువాత తెరపై అంకెలు కనిపించడమే విజయంగా భావించరాదు. భవన నియంత్రణలో విరివిగా వాడే 10 కిలో ఓముల థర్మిస్టర్లలో రెండు రకాలున్నాయి. 25 డిగ్రీల వద్ద రెండూ 10 కిలో ఓములే చూపుతాయి. 0 డిగ్రీల వద్ద రెండవ రకం సుమారు 32.7 కిలో ఓములు, మూడవ రకం సుమారు 29.5 కిలో ఓములు చూపుతాయి. రీసెట్‌లో సెన్సార్ రకం మారిపోతే, 25 డిగ్రీల వద్ద సరిచూసినవారికి తేడా తెలియదు. చల్లని గదిలో మాత్రం రీడింగు ఒకటి రెండు డిగ్రీలు తప్పుతుంది.

అందువల్ల సెన్సార్‌ను గది పనిచేసే ఉష్ణోగ్రతకు దగ్గరలో సరిచూడాలి. శుభ్రమైన నీటితో చేసిన మంచును చిన్న ముక్కలుగా కొట్టి, కొద్దిగా నీరు కలిపి బాగా తిప్పితే 0 డిగ్రీల ప్రమాణం సిద్ధమవుతుంది. నీరు తగలకుండా పలుచని ప్లాస్టిక్ సంచిలో ఉంచిన సెన్సార్‌ను అందులో ముంచి, రీడింగు స్థిరపడిన తరువాత చూడాలి. తేమ సెన్సార్‌కు ప్రయోగశాలలో లభించే సోడియం క్లోరైడ్ చాలు. గాలి చొరని డబ్బాలో తడి ఉప్పు ముద్దను ఉంచితే 25 డిగ్రీల వద్ద లోపలి గాలిలో తేమ సుమారు 75 శాతం వద్ద నిలుస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్ వాడితే అది సుమారు 33 శాతం. ఉప్పు సెన్సార్‌కు తగలకుండా కొన్ని గంటల పాటు ఉంచి ఈ రెండు బిందువుల వద్దా సరిచూడవచ్చు.

చివరగా హెచ్చరికలను పరీక్షించాలి. సెన్సార్‌ను చేతిలో పట్టుకుని వేడిచేస్తే హెచ్చరిక మోగాలి. సందేశం వెళ్ళవలసిన ఫోనుకు వెళ్ళాలి. ఆపై కంట్రోలర్‌ను నెట్‌వర్క్‌కు కలిపి, యంత్రాలను తిరిగి దాని ఆధీనంలో ఉంచి, కనీసం 24 గంటల పాటు విడి థర్మామీటర్ రీడింగులతో పోల్చి చూడాలి. పగటి వేడి, రాత్రి చల్లదనం రెండింటినీ దాటిన తరువాతే పని పూర్తయినట్లు నమోదు చేయాలి.

హెచ్చరిక లేకపోవడం వల్ల కలిగే నష్టం

కరెంటు పోయి గది కొన్ని గంటలు వేడెక్కితే విత్తనానికి కలిగే హాని స్వల్పం. సిబ్బంది గమనిస్తారు, సరిచేస్తారు. రీసెట్ తరువాత అసంపూర్ణంగా అమర్చిన గది పరిస్థితి భిన్నమైనది. సెట్‌పాయింట్ 10 డిగ్రీలకు బదులు మామూలు విలువ 25 డిగ్రీలుగా ఉండిపోయిందనుకుందాం. కంట్రోలర్ తన లెక్క ప్రకారం సక్రమంగానే పనిచేస్తుంది. హెచ్చరిక పరిమితులు కూడా తుడిచిపెట్టుకుపోయినందున ఏ హెచ్చరికా మోగదు. హారింగ్టన్ సూత్రం ప్రకారం 15 డిగ్రీల పెరుగుదల అంటే నిల్వ ఆయుష్షు మూడుసార్లు సగమై ఎనిమిదవ వంతుకు తగ్గడం. తేమ యంత్రం కూడా నడవక గాలిలో తేమ 75 శాతానికి చేరితే, సాధారణ సంచులలోని వరి విత్తనం క్రమంగా సుమారు 14 శాతం తేమకు చేరుతుంది. ఇది ధ్రువీకరణ ప్రమాణాన్ని మించిన స్థాయి.

ఈ నష్టం కంటికి కనిపించదు. గింజ రంగు మారదు, తూకం తగ్గదు. మొలక పరీక్ష చేసిన నాడే బయటపడుతుంది. పరీక్ష చేయకపోతే రైతు పొలంలో బయటపడుతుంది. ధ్రువీకరణకు వరిలో కనీసం 80 శాతం, మినుము, కంది విత్తనాలలో కనీసం 75 శాతం మొలక ఉండాలి. వానపై ఆధారపడిన ఉదయగిరి మెట్ట రైతుకు విత్తే అదను కొద్ది రోజులే. ఆ అదనులో వేసిన విత్తనం మొలవకపోతే తిరిగి విత్తడానికి నేలలో పదును మిగలదు. కావున ఒక గదిని రీసెట్ చేసిన ప్రతిసారీ అందులోని విత్తన లాట్ల నుండి నమూనాలు తీసి, పంపిణీకి ముందు మొలక శాతాన్ని మరొకసారి పరీక్షించడం అవసరం.

బిందు సేద్య కంట్రోలర్లకు అన్వయం

నిమ్మ, బత్తాయి తోటలలో నీటిని, ఎరువులను అందించే ఆటోమేటిక్ కంట్రోలర్లకు కూడా ఈ క్రమం వర్తిస్తుంది. వాటిలో నీటి మీటర్ ప్రతి నిర్ణీత పరిమాణానికి ఒక సంకేతాన్ని పంపుతుంది. మీటర్ 10 లీటర్లకు ఒక సంకేతం పంపుతుండగా, రీసెట్ అయిన కంట్రోలర్ ప్రతి సంకేతాన్ని ఒక లీటరుగా లెక్కిస్తే, 1,000 లీటర్లు ఇవ్వవలసిన చోట 10,000 లీటర్లు పారుతుంది. బోరు నీటిపై ఆధారపడిన తోటలో ఇది నీటికి, విద్యుత్తుకు నష్టం. నీటి కొలతను బట్టి ఎరువు వదిలే పద్ధతిలో ఎరువు మోతాదు కూడా అదే మేరకు తప్పుతుంది. రీసెట్ తరువాత కొలత గుర్తించిన డ్రమ్ములో నీరు పట్టి, కంట్రోలర్ చూపే లెక్కతో పోల్చడం సులభమైన పరీక్ష.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

విస్తరణ శాస్త్రవేత్తలు తమ పరిధిలోని గిడ్డంగులు, పాలీహౌస్‌లు, తోటలలో ఉన్న కంట్రోలర్ల జాబితాను, నమోదు పత్రాలను సిద్ధం చేయించడం తొలి కర్తవ్యం. కొత్త పరికరం కొనేటప్పుడే అమరికల ఫైలును, నమూనాకు చెందిన పుస్తకాన్ని, సంకేత పదాన్ని సంస్థకు అప్పగించాలన్న నిబంధనను ఒప్పందంలో చేర్చాలి. సిబ్బంది బదిలీ అయినప్పుడు తాళాలతోపాటు ఈ పత్రాన్నీ సంతకంతో అప్పగించాలి. విద్యార్థులకు మంచు, ఉప్పు పద్ధతులతో సెన్సార్ సరిచూపును విత్తన శాస్త్ర ప్రయోగ తరగతులలో భాగంగా నేర్పవచ్చు.

ముగింపు

ఫ్యాక్టరీ రీసెట్ ఉపయోగకరమైన సాధనమే. అయితే అది మరమ్మతు కాదు. మరమ్మతుకు అవకాశం కల్పించే శుభ్రమైన ఆరంభం మాత్రమే. లోపం ఎక్కడ ఉందో తేల్చుకుని, అమరికలను రాసిపెట్టుకుని, విత్తనాన్ని కాపాడుకుని, నెట్‌వర్క్ నుండి విడదీసి చేసిన రీసెట్ కొన్ని గంటల పని. ఆ జాగ్రత్తలు లేకుండా చేసిన రీసెట్ ఫలితం కొన్ని నెలల తరువాత, విత్తనం మొలవని సాళ్ళలో తెలుస్తుంది. నిపుణుడు చేరడానికి ఒక రోజు పట్టే ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల కంట్రోలర్ పక్కన వేలాడదీసిన ఒక తెలుగు నమోదు పత్రమే అన్నిటికన్నా చవకైన, నమ్మకమైన రక్షణ.